నాన్న కావడానికి ఎన్ని గంటలు?

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా, పాండేసరా వైపు వెళితే గుజరాతీ బోర్డుల కింద తెలంగాణ యాస వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు భీవండికీ షోలాపూర్‌కీ వెళ్లినట్టే ఇక్కడికీ తరాలుగా సాంచాల (మరమగ్గాల) పనికి వస్తున్నారు. సూరత్ నగరపాలక సంస్థ ఏడు భాషల్లో బడులు నడుపుతుంటే వాటిలో తెలుగు ఒకటి. ఒక భాషకు బడి పెట్టాలంటే ముందు ఆ భాష మాట్లాడే పిల్లలుండాలి కదా. అంటే తెలుగువాళ్లు ఇక్కడ వచ్చిపోయే ఒంటరి మగవాళ్లే కాదు, కాపురాలు పెట్టి స్థిరపడ్డవాళ్లు కూడా.

అయినా తొలి కాన్పు దగ్గరికి వచ్చేసరికి ఆ కాపురం కొన్నాళ్లు రెండు ముక్కలవుతుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో శ్రీమంతం చేసి ఆడపిల్లను పుట్టింటికి తీసుకెళ్తారు. పురుడు సిరిసిల్లలోనో జనగామలోనో. అతను మాత్రం సూరత్‌లోనే. మీటరు లెక్కన కూలి కాబట్టి సాంచా దగ్గరికి వెళ్లని రోజు చేతికొచ్చేది సున్నా. పన్నెండు గంటల షిఫ్టు. పొద్దున ఏడింటికి ఒక జట్టు దిగితే ఇంకో జట్టు ఎక్కుతుంది, సాయంత్రం ఏడింటికి మళ్లీ అదే. పాప పుట్టిందన్న కబురు ఫోన్‌లో వస్తుంది. వీలైతే మూడో రోజుకు, లేదంటే ఇరవయ్యొకటో రోజు ఫంక్షన్‌కు వెళ్లి, నాలుగు రోజులుండి తిరుగు రైలెక్కుతాడు. తల్లీబిడ్డలు సూరత్ వచ్చేది మూడో నెలలోనో ఐదో నెలలోనో.

గుజరాతీల ఇళ్లలోనూ తంతు ఇంచుమించు ఇదే. తొలి కాన్పు పుట్టింట్లో, ఆరో రోజు ఛఠ్ఠీ. పేరు పెట్టే హక్కు ఫోయీది, అంటే మేనత్తది. మన వైపు నామకరణం నాడు బియ్యంలో పేరు రాసే పనైనా తండ్రికి మిగిలింది, అక్కడ అదీ లేదు.

ఈ ఆనవాయితీని తప్పుపట్టాలని కాదు. బాలింతకు విశ్రాంతి, కన్నతల్లి చేతి వంట, రాత్రిళ్లు పిల్లను అందుకునే మరో రెండు చేతులు దొరికేది పుట్టింట్లోనే. మనిషి పిల్ల ఒక్క తల్లి చేతుల మీదుగా పెరిగే జీవి కాదనీ, అమ్మమ్మలూ అక్కలూ పిన్నులూ కలిసి పెంచడం వల్లే మన జాతి నిలిచిందనీ మానవశాస్త్రవేత్త సారా హ్రడీ 2009లో ఒక పుస్తకమే రాశారు. పుట్టింటి పురుడు ఆ మాటకు నిలువెత్తు రుజువు. ఆ ఏర్పాటులో తండ్రికి చోటు పెట్టడం మాత్రం ఎవరికీ తోచలేదు. అతనికి పెద్దగా పోయేదేమీ లేదని అనుకున్నారు. పోయేదేమిటో గత ఇరవై ముప్పై ఏళ్ల పరిశోధనలు చూస్తే తెలుస్తుంది.

ముందు ఎలుకల సంగతి చెప్పాలి. అమెరికాలో జే రోజెన్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త ఎప్పుడూ ఈనని ఆడ ఎలుకల దగ్గరా మగ ఎలుకల దగ్గరా అప్పుడే పుట్టిన పిల్లల్ని ఉంచాడు. మొదట అవి పిల్లల్ని పట్టించుకోలేదు. రోజూ పిల్లల్ని దగ్గరే ఉంచుతూ పోతే వారం తిరిగేలోగా చిత్రం మారింది. పిల్లల్ని నాకడం, నోట కరుచుకుని గూటికి చేర్చడం, పాలివ్వడానికన్నట్టు వాటి మీద వంగి కూర్చోవడం మొదలుపెట్టాయి. మగవి కూడా. గర్భం లేదు, కాన్పు లేదు, ఆ హార్మోన్ల ఉప్పెనా లేదు. ఉన్నదల్లా పక్కన పిల్లలు, గడిచిన రోజులు. 1967లో ఈ ఫలితం అచ్చయింది. తల్లి మెదడును కాన్పు హార్మోన్లు ఒక్కసారిగా సిద్ధం చేస్తాయి. మగ మెదడులోనూ ఆ యంత్రాంగం ఉంది, కాకపోతే దాన్ని తట్టి లేపాల్సింది పిల్లలే.

మనిషి ఎలుక కాడు. క్షీరదాల్లో తండ్రి పిల్లల్ని సాకే జాతులు పదింట ఒక వంతు కూడా లేవు, మనం ఆ కొద్దిమందిలో ఉన్నాం. అందులోనూ మన దగ్గర తండ్రి పాత్ర ఇంటికొక తీరు, కులానికొక తీరు, దేశానికొక తీరు. ఇంత తేడా ఉన్న జాతిలో తండ్రి శరీరం మారుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరం నుంచి వచ్చింది. లీ గెట్లర్ బృందం 624 మంది యువకుల్లో టెస్టోస్టెరాన్‌ను 2005లో ఒకసారి, 2009లో మరోసారి కొలిచింది. మొదటిసారి చాలామంది ఒంటరివాళ్లే, వయసు 21 ఏళ్ల చిల్లర. ఆ నాలుగేళ్లలో జంట కట్టి తండ్రులైనవాళ్లలో ఆ హార్మోన్ పొద్దుటి పూట 26 శాతం, సాయంత్రం పూట 34 శాతం తగ్గింది. ఒంటరిగా ఉండిపోయినవాళ్లలో తగ్గుదల ఇంతకన్నా చాలా తక్కువ.

ఈ వార్త 2011లో వెలువడినప్పుడు కొన్ని పత్రికలు మగతనం కరిగిపోయిందన్నట్టు రాశాయి. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని అంతగా ఎవరూ పట్టించుకోలేదు. మొదట టెస్టోస్టెరాన్ ఎక్కువ ఉన్నవాళ్లే తర్వాత తండ్రులయ్యే అవకాశం ఎక్కువ. అంటే బలహీనులు తండ్రులవడం కాదు, తండ్రులయ్యాక శరీరం తన ఖర్చు లెక్క మార్చుకోవడం. పోటీకి, జంట వెతుకులాటకు పనికొచ్చే హార్మోన్‌ను తగ్గించి ఆ శక్తిని ఇంటివైపు మళ్లించడం. నెలలోపు పసికందు ఉన్నవాళ్లలో తగ్గుదల అందరికన్నా ఎక్కువ. రోజుకు మూడు గంటలు, ఆపైన పిల్లల పని చూసేవాళ్లలో ఈ హార్మోన్ అసలు చూడనివాళ్లలో కంటే తక్కువ. మరుసటి ఏడాది ఇదే బృందం ఇంకొకటి తేల్చింది. పిల్లలతో ఒకే పడక మీద పడుకునే తండ్రుల్లో సాయంత్రపు మోతాదు వేరుగా పడుకునేవాళ్ల కంటే తక్కువ. మన ఒంటి గది ఇళ్లలో చాప మీద అందరూ వరసగా పడుకోవడం వెనుక ఇంత జరుగుతుందని ఎవరు అనుకుంటారు!

ఈ మార్పు రక్తసంబంధం వల్ల వచ్చిందా, చేసే పని వల్ల వచ్చిందా? టాంజానియాలో పక్కపక్కనే ఉండే రెండు జాతుల్ని పోల్చి 2009లో మార్టిన్ ముల్లర్, సహచరులు చూశారు. వేట మీద బతికే హడ్జాల్లో తండ్రులు పిల్లల్ని ఎత్తుకుంటారు, ఆడిస్తారు. పశువుల కాపర్లయిన దతోగాల్లో పసిపిల్లల పని ఆడవాళ్లది, తండ్రి దూరంగా ఉంటాడు. హడ్జా తండ్రుల్లో టెస్టోస్టెరాన్ పిల్లల్లేని హడ్జా మగవాళ్ల కంటే తక్కువ. దతోగాల్లో తండ్రికీ తండ్రి కానివాడికీ తేడా కనపడలేదు. పిల్లలున్నంత మాత్రాన ఏమీ జరగలేదు, పిల్లల్ని దగ్గరికి తీసుకున్నచోటే జరిగింది.

ఇంకా వెనక్కి, గర్భం దగ్గరికి వెళదాం. భార్య కడుపుతో ఉంటే తనకూ వికారం, అలసట, బరువు పెరగడం వంటివి అనిపించే మగవాళ్లున్నారు. నవ్వులాటగా తీసేసే విషయమే. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో ఆన్ స్టోరీ బృందం 34 జంటల రక్తం పరీక్షించి 2000లో ప్రచురించిన ఫలితాల్లో, ఇలాంటి లక్షణాలు ఎక్కువ చెప్పిన మగవాళ్లలో ప్రొలాక్టిన్ ఎక్కువగా కనిపించింది. ప్రొలాక్టిన్ అంటే తల్లిలో పాలు పట్టించే హార్మోన్. పిల్లల్ని వీపున మోసే మార్మోసెట్ కోతి తండ్రుల్లోనూ అది పెరుగుతుందని 1982లోనే తెలిసింది.

తెలుగు నేల మీద దీనికి ఒక పాత ఉదాహరణ ఉంది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ ఎరుకలవారి ఆచారమొకటి 1874లో రాసిపెట్టాడు. భార్యకు నొప్పులు మొదలవగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, నుదుట ఆమె బొట్టు పెట్టుకుని, మసక దీపమున్న చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాడట. బిడ్డ పుట్టగానే కడిగి తండ్రి పక్కలో వేసేవారు. ఇంగువ, బెల్లం లాంటి పత్యపు వస్తువులు తల్లికి కాక తండ్రికి పెట్టేవారు. తర్వాత 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద రాసిన గ్రంథంలో దీన్ని ఉటంకించాడు. చదివిన ఇంగ్లీషు దొరలకు ఇది వింత. భార్యకు ఆ పత్యం దక్కకపోవడం నాకూ మింగుడుపడదు. కానీ పుట్టిన బిడ్డ మొదటి గంటలోనే తండ్రి ఒంటికి తగులుతూ పడుకోవడం ఉంది చూశారూ, దాన్ని ఇవాళ ఆసుపత్రులు కొత్తగా నేర్చుకుంటున్నాయి.

ఎక్కడంటే, సిజేరియన్ కాన్పుల దగ్గర. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. గుజరాత్‌లో 21 శాతం. సూరత్ నుంచి పుట్టింటికి వెళ్లే అమ్మాయి కోత పడే అవకాశం దాదాపు మూడింతలున్న చోటికి వెళ్తోందన్నమాట. (ఇది వేరే వ్యాసానికి సరిపడా సంగతి, ఇక్కడ వదిలేద్దాం.) ఆపరేషన్ అయిన తల్లి ఇంకా థియేటర్‌లో ఉండగా బిడ్డ ఏం చేయాలి? స్వీడన్‌లో 29 మంది తండ్రులతో, వాళ్ల బిడ్డలతో జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనం దీన్నే చూసింది. కొందరు బిడ్డల్ని తండ్రి చొక్కా విప్పిన ఛాతీ మీద పడుకోబెట్టారు, కొందరిని పక్కనే తొట్టిలో ఉంచారు. తండ్రి గుండె మీదున్న పిల్లలు పావుగంటలో ఏడుపు ఆపారు, గంటలో మగతలోకి జారారు. తొట్టిలోని పిల్లలకు ఆ మగత రావడానికి 110 నిమిషాలు పట్టింది.

నెల తక్కువ పిల్లల విషయంలో ఇది ప్రాణానికి సంబంధించిన లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా ఐదు దేశాల్లో నడిపించిన పరీక్షలో, పుట్టిన వెంటనే ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచితే తక్కువ బరువు పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది. అక్కడ ముఖ్యంగా హత్తుకున్నది తల్లులే. తల్లికి కుదరని వేళ ఆ పని చేయడానికి తండ్రికి అడ్డమేమీ లేదు, ఒంటి వేడి ఇద్దరికీ ఉన్నదే. అడ్డమల్లా గదిలోని పెద్దవాళ్లు. “నీకేం తెల్వది అల్లుడా, ఇటియ్యి బిడ్డా” అని అత్తగారు చేతులు చాపితే కాదనే ధైర్యం ఏ కొత్త తండ్రికుంటుంది!

ఇక ఏడుపు. పిల్ల ఏడుపు వినగానే తల్లి గుర్తుపడుతుంది, తండ్రికి ఆ నేర్పు లేదని లోకంలో ఒక నమ్మకం. ఫ్రాన్స్ పరిశోధకులు 2013లో దీన్ని ఫ్రాన్స్, కాంగో దేశాల తల్లిదండ్రులతో పరీక్షించారు. స్నానం చేయించేటప్పుడు పిల్లలు ఏడ్చిన ఏడుపుల్ని రికార్డు చేసి, ఐదుగురి ఏడుపులు కలిపి వినిపించి, నీ బిడ్డది ఏదో చెప్పమన్నారు. తల్లులు 98 శాతం సరిగ్గా చెప్పారు. తండ్రులు 90 శాతం. తండ్రుల్లో తప్పులు చేసింది ఎవరని చూస్తే, రోజుకు నాలుగు గంటల కన్నా తక్కువ బిడ్డతో గడిపేవాళ్లు. వాళ్ల లెక్క 75 శాతం. నాలుగు గంటలు దాటిన తండ్రులకూ తల్లులకూ తేడా లేదు. తల్లి ప్రేమలో ఏదో మహిమ ఉందని నమ్మేవాళ్లకు ఈ ఫలితం నచ్చకపోవచ్చు, కానీ ఆ మహిమలో ఎక్కువ భాగం హాజరు.

ఆ నాలుగు గంటల్ని సూరత్ సాంచాల కార్మికుడి రోజులో పెట్టి చూడండి. ఇరవై నాలుగు గంటల్లో పన్నెండు కార్ఖానాకు పోతాయి. ఏడు నిద్రకు. రాకపోకలు, స్నానం, తిండి కలిపి ఒకటిన్నర. మిగిలేది మూడున్నర. టీ కొట్టు దగ్గర ఒక్క నిమిషం నిలబడకపోయినా నాలుగుకు చేరడు. పరిశోధనల్లో మూడు గంటలు, నాలుగు గంటలు అని చదివినప్పుడు అవి ఆఫీసు ఉద్యోగి జీవితానికి కుదిరే అంకెల్లా కనిపిస్తాయి. పన్నెండు గంటల షిఫ్టు ఉన్నవాడికి మంచి తండ్రి కావాలన్న కోరిక ఒక్కటే చాలదు, గంటలు కావాలి.

ఫోన్ ఉంది కదా అంటారు. రాత్రి ఎనిమిదింటికి కార్ఖానా బయట నిలబడి వీడియో కాల్ చేయని తండ్రి ఇవాళ లేడు. అది తల్లికి ధైర్యం, అతనికి ఊరట. పాపకు మాత్రం మొదటి వారాల్లో స్పష్టంగా కనిపించేది ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరమే, అంటే ఎత్తుకున్నవారి మొహం దాకా. గొంతు సంగతి ఇంకా ఆసక్తికరం. పుట్టిన పిల్లలు కడుపులో ఉండగా విన్న తల్లి గొంతును ఇష్టపడతారని 1980లో తేల్చిన ఆంటొనీ డికాస్పర్, నాలుగేళ్ల తర్వాత తండ్రి గొంతును పరీక్షించాడు. పిల్లలు ఇద్దరు మగవాళ్ల గొంతుల మధ్య తేడా పట్టగలరు. అయినా తండ్రి గొంతునే ఎంచుకోవాలన్న మొగ్గేమీ లేదు. ఊరికి వెళ్లిన తండ్రి పిలిస్తే పాప తల తిప్పలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. తండ్రులందరూ అక్కడ సున్నా నుంచే మొదలుపెడతారు.

తల్లీబిడ్డలు సూరత్ వచ్చాక చూద్దాం. మూడో నెల నిండకుండా వస్తే ఏడుపుల కాలం ఇంకా పూర్తిగా పోదు. పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజల్టన్ 1962లో గీసిన లెక్క నేటికీ నిలబడింది: రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతుంది, ఆరో వారం దగ్గర తారస్థాయికి చేరి రోజుకు రెండు మూడు గంటలవుతుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. సాయంత్రాలే ఎక్కువ. దిష్టి తగిలిందని ఉప్పు మిరపకాయలు తిప్పినా, గ్రైప్ వాటర్ పట్టినా నాలుగో నెలకు తగ్గడం ఖాయం కాబట్టి ఆ పేరు వాటికే దక్కుతుంది. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరమో, పాలు ముట్టకపోవడమో, లేపినా లేవని మగతో ఉంటే అది ఈ లెక్కలోది కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏడ్చే బిడ్డను ఏం చేయాలో జపాన్‌లో రికెన్ సంస్థ శాస్త్రవేత్తలు గుండె వేగం కొలిచి మరీ చెప్పారు. 2022లో వచ్చిన ఆ అధ్యయనంలో 21 మంది పసిపిల్లలు. ఎత్తుకుని నడిస్తే అర నిమిషంలో గుండె వేగం తగ్గుతుంది, కదిలే తొట్టిలో వేసినా తగ్గుతుంది. ఎత్తుకుని కదలకుండా కూర్చుంటే తగ్గదు. ఐదు నిమిషాలు నడిస్తే ఏడుపులు ఆగాయి, సగం మంది దాకా నిద్రపోయారు. అసలు చిక్కు ఆ తర్వాత. నిద్రపోయిందని పక్క మీద వేయగానే మూడింట ఒక వంతు పైగా లేచిపోయారు. శరీరం ఎత్తుకున్నవారి నుంచి విడిపడే క్షణానికే గుండె ఉలిక్కిపడుతుంది. నిద్రపోయాక ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చుని, అప్పుడు దించితే లేవడం తగ్గింది. పరీక్షలో ఎత్తుకుని నడిచింది తల్లులు. అయితే నడకకు ఆడా మగా తేడా ఏముంది? పన్నెండు గంటలు సాంచాల మధ్య అటూఇటూ నడిచొచ్చినవాణ్ని మళ్లీ నడవమనడం అన్యాయమే, కానీ పనిచేసేది అదే.

నడవలేని పూట సూరత్ దగ్గర ఇంకో జవాబుంది. ఘోడియు అని గుజరాతీ ఇళ్లలో ఉండే ఉయ్యాల. చెక్కదో స్టీలుదో చట్రం, దానికి వేలాడే గుడ్డ జోలి, జోలికి కట్టిన తాడు. కింద కూర్చుని తాడు లాగుతుంటే జోలి ఊగుతుంది. లింబాయత్‌లో చాలా తెలుగు ఇళ్లలోకీ అది వచ్చేసింది. మనం దూలానికి చీర కట్టి ఊపే ఉయ్యాలకు అది పొరుగింటి చుట్టం. గట్టిగా మాత్రం ఊపకూడదు, ఎంత విసుగొచ్చినా పిల్లను పట్టుకుని కుదపకూడదు. మెడ నిలవని పిల్లను రెండు మూడుసార్లు కుదిపినా మెదడులో రక్తస్రావం కావచ్చు. ఓపిక అయిపోయిందనిపిస్తే పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు బయట పది నిమిషాలు నిలబడి రావడం తప్పు కాదు. ఒకే పడక మీద పడుకునే ఇళ్లలో ఇంకో హెచ్చరిక: తాగి వచ్చిన రాత్రి, పొగతాగే అలవాటున్న ఒంటితో, షిఫ్టు మీద షిఫ్టు చేసి మొద్దునిద్ర పోయేంత అలసటతో పాప పక్కన పడుకోకూడదు.

నిద్ర విషయంలో సూరత్ ఒంటి గదిలో ఒక విచిత్రమైన తగాదా నడుస్తుంది. పుట్టిన పిల్లకు పగలూ రాత్రీ లేవు, ఆమె ఏ షిఫ్టుకూ ఎక్కని కార్మికురాలు. రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకున్నా రెండు మూడు గంటలకు మించి ఒక్క బిగిన పడుకోదు. రాత్రిని రాత్రిగా గుర్తించే మెలటోనిన్ లయ రెండు మూడు నెలలకు గానీ మొదలుకాదు. ఆ లయ కుదరడానికి కావలసింది పగటి వెలుతురు, రాత్రి చీకటి. ఆరు నుంచి పన్నెండు వారాల పిల్లల్లో, మధ్యాహ్నం వేళ ఎక్కువ వెలుతురు తగిలినవాళ్లు రాత్రి బాగా పడుకుంటారని యివాన్ హారిసన్ 2004లో చూపించింది.

రాత్రి షిఫ్టు తండ్రికి కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, చీకటి చేసుకుని పడుకోవాలి. ఉన్నది ఒకే గది. అతని చీకటి పాప పగలును దొంగిలిస్తుంది, పాప ఏడుపు అతని నిద్రను దొంగిలిస్తుంది. దీనికి ప్రయోగశాల పరిష్కారం ఏదీ లేదు. ఇళ్లలో జరుగుతున్నదే పరిష్కారం: పాపను పొద్దున్నే వరండాలోకో పక్కింటికో తీసుకుపోతారు. ఆ వీధుల్లో పక్కింటి అవ్వే సగం అమ్మమ్మ. రాత్రి షిఫ్టుకు ఒక లాభమూ ఉంది. సాయంత్రం నాలుగింటికి లేచిన తండ్రికి ఏడు దాకా మూడు గంటలుంటాయి, పగటి షిఫ్టువాడికి ఆ వేళ దొరకదు. పాప సాయంత్రపు ఏడుపులు మొదలయ్యేదీ అప్పుడే. ఆ మూడు గంటలు తల్లి పడుకోగలిగితే ఇంటికి అంతకన్నా పెద్ద సాయం ఏదీ ఉండదు. జర్మనీలో ఏళ్ల తరబడి వేలమందిని అడిగి 2019లో వెలువరించిన లెక్కలో, కాన్పు తర్వాత మొదటి మూడు నెలలు తల్లులు రోజుకు గంట పైగా నిద్ర పోగొట్టుకున్నారు. తండ్రులు పోగొట్టుకున్నది పావుగంట. మగవాళ్లు నిద్ర చాలడం లేదని చేసే ఫిర్యాదులు ఈ అంకె పక్కన పెట్టి వినాలి.

మెదడు కూడా మారుతుంది. స్పెయిన్‌లో 20 మంది, అమెరికాలో 20 మంది తొలిసారి తండ్రులైనవాళ్లకు కాన్పుకు ముందూ తర్వాతా ఎమ్మారై తీస్తే, మెదడు పైపొర కొన్ని భాగాల్లో స్వల్పంగా కుదించుకుపోయినట్టు కనపడింది. 2022లో వచ్చిన ఫలితమిది. కుదించుకుపోవడం అంటే చెడిపోవడం కాదు, తల్లుల మెదడులోనూ ఇది జరుగుతుంది, ఇంకా ఎక్కువగా. ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం 2014లో చూసిన తండ్రుల్లో, బిడ్డ పని ఎంత ఎక్కువ చేస్తే మెదడులో భయాన్నీ అప్రమత్తతనూ చూసే అమిగ్డలాకూ ఎదుటివారి మనసు చదివే భాగానికీ మధ్య బంధం అంత బలపడింది. ఇంతవరకు అంతా తియ్యగానే ఉంది. 2024లో డార్బీ శాక్స్‌బీ, మగ్దలేనా మార్టినెస్-గార్సియా చూపించినది ఇందులోని చేదు. మెదడు ఎక్కువ కుదించుకున్న తండ్రులు బిడ్డతో ఎక్కువ సమయం గడిపారు, బిడ్డంటే ఎక్కువ మక్కువ చూపారు. వాళ్లకే నిద్ర ఎక్కువ చెడింది, కుంగుబాటు లక్షణాలూ వాళ్లలోనే ఎక్కువ. బిడ్డకు తెరుచుకున్న మనసు బాధకూ తెరుచుకుంటుందన్నమాట. పిల్లలతో గడిపితే చాలు అంతా బాగుంటుందని చెప్పేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు.

తండ్రుల కుంగుబాటు గురించి మన దగ్గర మాటే ఉండదు. 43 అధ్యయనాలను, 28,004 మందిని కలిపి చూసిన 2010 నాటి సమీక్షలో, భార్య గర్భం మొదలు బిడ్డకు ఏడాది నిండే దాకా తండ్రుల్లో పదిమందికి ఒకరికి అది ఉంటోందని తేలింది. అన్నిటికన్నా ఎక్కువ కనపడింది మూడు నుంచి ఆరు నెలల మధ్య. సూరత్ తండ్రి ఇంటికి పాప వచ్చేదీ అప్పుడే. అది ఏడుపుగా బయటపడదు. చిరాకుగా, తాగుడుగా, ఇంటికి ఆలస్యంగా రావడంగా, ఒళ్లు నొప్పులుగా వస్తుంది. అందుకే పట్టుబడదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఆలస్యంగా మొదలుపెట్టిన తండ్రి శాశ్వతంగా వెనకబడిపోయినట్టేనా? కాదనే అనిపిస్తుంది. ఫెల్డ్‌మన్ బృందం 80 జంటల్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను కొలిచి 2010లో చెప్పిన మాట: తల్లిలో తండ్రిలో ఆ హార్మోన్ మోతాదు ఒక్కలాగే ఉంది, ఇద్దరిలోనూ మొదటి వారాల కంటే ఆరో నెలకు పెరిగింది. తల్లిలో అది ముద్దుమురిపాలతో ముడిపడితే తండ్రిలో ఆటతో ముడిపడింది. గాల్లోకి ఎత్తడం, కాళ్లు చేతులు కదిలించడం, బొమ్మ చూపించి నవ్వించడం. ఐదో నెల పాప సరిగ్గా ఆ ఆటకు సిద్ధంగా ఉంటుంది. ఏడుపుల కాలం తప్పించుకుని నవ్వుల కాలానికి చేరుకున్నాడని భార్య దెప్పితే ఆమె మాటలో న్యాయం ఉంది.

ఇక మిగిలింది సెలవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ఇద్దరు పిల్లల వరకు. బిడ్డకు ఆరు నెలలు నిండేలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. చాలామంది కాన్పు జరిగిన వెంటనే, ఇంటినిండా ఆడవాళ్లున్నప్పుడు తీసుకుని, ఫంక్షన్ పనులకు తిరగడంతో ఖర్చు పెట్టేస్తారు. బ్రేజల్టన్ గీసిన గీత ప్రకారం చూస్తే ఆ 15 రోజులు అసలు ఏడుపులు మొదలవకముందే అయిపోతాయి. ఆరో వారంలోనో, తల్లీబిడ్డలు పుట్టింటి నుంచి వచ్చిన వారంలోనో తీసుకుంటే సెలవు సెలవులా పనిచేస్తుంది. ప్రైవేటు కొలువుల్లో పితృత్వ సెలవు ఇవ్వాలన్న చట్టం లేదు. 2017లో తల్లుల సెలవు 26 వారాలకు పెంచిన ఏడాదే తండ్రుల కోసం ఎంపీ రాజీవ్ సాతవ్ లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఒకవేళ అయినా, మీటరు లెక్కన కూలి తీసుకుంటూ ఏ రిజిస్టరులోనూ పేరు లేని సాంచాల కార్మికుడి దాకా అది చేరాలంటే ముందు అతని పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.